తాళం వేసిన ఇంటి లెక్క

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా సంఘాలవే. పొదుపు సంఘం, కాలనీ సంఘం, కుర్రాళ్ళు చందాలేసుకుని నడిపే ట్యూషన్ కేంద్రం. అందరి గోడూ దాదాపు ఒకటే: "మేం చెప్పేది నిజమేనండీ, కానీ ఎక్కడికెళ్ళినా లెక్క ఏదీ అంటున్నారు." గణాంక శాఖలో ముప్ఫై ఏళ్ళ పాటు జనాన్ని అదే మాట అడిగి జీతం తీసుకున్నదాన్ని. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళకే. పెన్షన్ బకాయిలు, రేషన్ కార్డు విభజనల గురించి రాసినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. మాది విజయవాడ, సింగ్‌నగర్ దాటాక పాయకాపురం వైపు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మమ్మల్ని ముంచింది. చవితి పండక్కి కూడా మా వీధిలో నీళ్ళు పూర్తిగా దిగలేదు. నష్టం రాసుకోడానికి వచ్చిన రోజున మేం పిల్లల్ని తీసుకుని మా అమ్మగారి ఊళ్ళో ఉన్నాం. ఇంటికి తాళం ఉందని మా పేరు రాయలేదు. మాలాంటి వాళ్ళు మా వీధిలోనే ఇంకా ఉన్నారు. ఈసారి వానలు ముదరకముందే మా పొదుపు సంఘం ఆడవాళ్ళం పన్నెండు మందిమి కలిసి మా నాలుగు వీధుల లెక్క మేమే రాద్దామనుకుంటున్నాం. ఏం రాయాలి, ఎలా రాయాలి, రాశాక ఎవరికి ఇవ్వాలి? — ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో 'తాళం' అన్న మాట కింద ఎర్ర గీత గీసుకుని కూర్చున్నాను. ముందు నా తప్పు ఒకటి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో తెనాలి దగ్గర ఒక ఊరికి వరి పంట కోత ప్రయోగానికి (దిగుబడి ఎంతో తేల్చే లెక్క అది) వెళ్ళాను. ఏ సర్వే నంబరు చేలో కొయ్యాలో మనం ఎంచుకోం, అంకెల పట్టిక ఎంచుతుంది. ఆ చేలో నైరుతి మూల నుంచి (వాస్తు కోసం కాదు, మా శాఖ పద్ధతే అది) పట్టిక చెప్పినన్ని అడుగులు లోపలికి నడిచి, 5 మీటర్లకు 5 మీటర్ల ముక్క కొలిచి, కోసి, నూర్చి, తూకం వెయ్యాలి. నాకు తగిలిన చేను మురుగు కాలవ అవతల ఉంది. మోకాలి లోతు బురద. తోడొచ్చిన తలారి "రోడ్డు పక్క చేనూ అదే వరి కదమ్మా" అన్నాడు. నిజమే అనిపించింది. రోడ్డు పక్కనే కోయించాను. తూకం చాలా బాగా వచ్చింది. సాయంత్రం తనిఖీకి వచ్చిన పెద్దాయన కాగితాల వంక చూడనే లేదు. నా కాళ్ళ వంక చూసి, "చెప్పులకు బురద ఏదమ్మా?" అన్నారు. రోడ్డు పక్క చేనుకు నీళ్ళు ముందు అందుతాయి, ఎరువు బండి ముందు ఆగుతుంది. కాలవ అవతలి చేనుకు ఆ అదృష్టం లేదు. చేరువలో ఉన్నదాన్ని కొలిచి ఊరంతటికీ అంటగడితే అది కాకిలెక్కే, అంకెలు ఎంత ముచ్చటగా ఉన్నా.

మీ వీధిలో తాళం వేసిన ఇల్లు ఆ కాలవ అవతలి చేను లాంటిది. పగటిపూట తాళం ఎవరింటికి ఉంటుంది? ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆమె ఇంటికి, భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్ళే ఇంటికి, నీళ్ళొచ్చాయని పుట్టింటికి వెళ్ళిన ఇంటికి. అవసరం ఎక్కువున్న ఇళ్ళే లెక్కలో లేకుండా పోతాయన్నమాట. మీ సంఘం లెక్కకు వచ్చే విలువంతా ఇక్కడే ఉంది. ఆ తాళం ఎవరిదో, ఆ మనిషి ఎన్నింటికి ఇల్లు చేరుతుందో మీకు తెలుసు. బయటి నుంచి వచ్చిన వాళ్ళకు తెలిసే దారి లేదు.

కాబట్టి ప్రతి తాళం ఇంటికీ మూడుసార్లు వెళ్ళండి. ఒకసారి పొద్దున్న ఆరున్నరకు, ఒకసారి రాత్రి ఎనిమిదికి, ఒకసారి ఆదివారం. అప్పటికీ దొరక్కపోతే ఆ ఇంటిని వదలకండి, దానికీ ఒక వరుస ఇవ్వండి. "తాళం, 3 సార్లు" అని రాసి, పక్కింటివాళ్ళు చెప్పింది పక్కింటివాళ్ళు చెప్పినట్టుగానే రాయండి. చివర్లో మొత్తం ఇళ్ళెన్నో రాసేచోట తాళాలెన్నో కూడా రాయండి. అది చూసినవాడికి మీ మీద నమ్మకం పెరుగుతుంది, తగ్గదు. అన్నీ నిండిపోయిన పట్టిక తెస్తే అనుమానించడం నాకు ఉద్యోగంలో అలవాటు.

రెండోది, ఇల్లు లెక్కపెట్టకండి, పొయ్యి లెక్కపెట్టండి. జనాభా లెక్కల్లోనూ కుటుంబం అంటే ఒకే వంటింట్లో కలిసి తినేవాళ్ళే. ఒకే డోర్ నంబరులో కింద అన్న, పైన తమ్ముడు, వెనక రేకుల గదిలో అద్దెకున్నవాళ్ళు ఉంటారు. డోర్ నంబరు ఒకటే, పొయ్యిలు మూడు. వరద సాయం అప్పుడు నేలమీద ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు అన్నారు, గుర్తుందిగా. ఏ అంతస్తు, సొంతమా అద్దెనా అనే రెండు గళ్ళు లేని పట్టిక రేపు ఎందుకూ కొరగాదు. అద్దెవాళ్ళ పేరు రాసేటప్పుడు ఇంటిగలవాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తుంటారు. ఆ ఇబ్బంది ముందే ఊహించి, అద్దెవాళ్ళతో విడిగా మాట్లాడండి.

ఇక ఏం రాయాలి. ఇక్కడ చాలా సంఘాలు బోల్తా పడతాయి. కాగితం చేతికి రాగానే కులం, చదువు, ఆదాయం, బీపీ, షుగరు, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా అంటూ నలభై ప్రశ్నలు పెడతారు. ముప్ఫయ్యో ఇంటికి రాసేవాళ్ళకు విసుగు, చెప్పేవాళ్ళకు కోపం. మీరు పన్నెండు మందీ ముందు ఒక సాయంత్రం కూర్చుని, ఈ లెక్క చూసి ఎవరు ఏ పని చెయ్యాలో తేల్చుకోండి. నాకు తోచినంతలో మీకు కావాల్సినవి మూడు పనులు. నీళ్ళొస్తే ముందు ఎవరిని బయటకు తేవాలో మీ సంఘానికి తెలియాలి. సాయం వస్తే ఎవరి పేరూ జారకుండా వార్డు సచివాలయం దగ్గర జాబితా ఉండాలి. ఏ కాలవ ముందు పొంగిందో ఇంజనీర్లకు తెలియాలి. ఈ మూడింట్లో దేనికీ పనికిరాని ప్రశ్న కొట్టేయండి. నాకు తెలిసి పది, పన్నెండు ప్రశ్నలు మిగులుతాయి.

మూడో పని గురించి కొంచెం విడమరిచి చెబుతాను, ఎందుకంటే దీన్ని మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిందని పేపర్లన్నీ రాశాయి. బుడమేరు గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయనీ రాశాయి. మీ వీధి మూడో ఇంట్లో నీళ్ళు ఏ గూటి దాకా వచ్చాయో మాత్రం ఏ పేపరులోనూ లేదు. అది మీ గోడ మీద ఉంది. సున్నం వెయ్యని గోడల మీద, మెట్ల కింద, మీటరు పెట్టె వెనక ఆ మరక ఇంకా కనిపిస్తూ ఉంటుంది. రంగులేసినవాళ్ళ దగ్గర ఫోన్లో ఫోటోలుంటాయి, తారీఖుతో సహా. కుట్టుపని టేపు పట్టుకెళ్ళి ప్రతి ఇంట్లోనూ గడప నుంచి మరక దాకా ఎన్ని అంగుళాలో కొలవండి.

కానీ గడపలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, రోడ్డేమో కొత్తగా వేసిన ప్రతిసారీ లేస్తుంది. అందుకని కదలని గుర్తు ఒకటి పెట్టుకోండి. మీ వీధి చివర కల్వర్టు గోడ ఉందనుకోండి, దాని పైఅంచు. పునాది మట్టం చూసుకోడానికి మేస్త్రీలు నీళ్ళు నింపిన తెల్ల ప్లాస్టిక్ పైపు వాడతారు కదా, మీ సంఘంలో ఎవరో ఒకరి మొగుడు మేస్త్రీ అయ్యుంటాడు, ఒక ఆదివారం ఆయన్ని పట్టుకోండి. ఆ పైపుతో ప్రతి ఇంటి గడపా ఆ గుర్తుకన్నా ఎంత ఎత్తో, ఎంత పల్లమో తేలిపోతుంది. నీళ్ళు ముందు ఏ వైపు నుంచి వచ్చాయి, ఎన్నిటికి, చివరికి ఎటు దిగాయి అన్నవి ముసలివాళ్ళను అడగండి. 2005లో బుడమేరు వచ్చినప్పటి సంగతీ వాళ్ళకు గుర్తుంటుంది. రెండూ పక్కపక్కన రాయండి. ఒక చార్టు మీద వీధి గీసి ఇంటింటికీ అంగుళాలు వేశారంటే, ఏ ఇల్లు ముందు మునుగుతుందో, ఎవరి డాబా మీదకు అందరూ చేరొచ్చో అక్కడే కనిపిస్తుంది.

రాసిందంతా ఎవరికీ ఇవ్వకముందే మీ వీధిలో చదవండి. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో పనుల లెక్క గ్రామసభలో పైకి చదువుతారు చూశారా, మన రాష్ట్రంలో 2006 నుంచీ నడుస్తున్న పద్ధతే. అలా చదువుతుంటే "మా అత్త పేరేదీ" అని ఒకరు, "వాళ్ళు ఇల్లు మారి ఆర్నెల్లయింది" అని ఇంకొకరు లేస్తారు. గొడవ కూడా అవుతుంది. అవనివ్వండి. సచివాలయంలో తేలాల్సిన తప్పులు మీ అరుగు మీదే తేలిపోతాయి.

ఒక్క కాగితం మాత్రం పైకి చదవకూడదు. ఒంటరిగా ఉండే ముసలమ్మలు, మంచం పట్టినవాళ్ళు, డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు, నెలలు నిండినవాళ్ళ జాబితా. అది ఇద్దరి దగ్గరే, పుస్తకంలోనే ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టారో, ఏ ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంటుందో ఊరందరికీ చాటింపు వేసినట్టే.

ఎవరికి ఇవ్వాలన్నావు. వార్డు సచివాలయంలో విద్య, డేటా ప్రాసెసింగ్ కార్యదర్శి అని ఒకరుంటారు. పేరు చూసి స్కూలు పని అనుకుంటాం గానీ, వివరాల నమోదు కూడా వారి పనే. పేర్ల జాబితా వారికివ్వండి. కాలవల పటం సౌకర్యాల కార్యదర్శికి. రెండింటి నకళ్ళూ జతచేసి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి నంబరు తీసుకోండి. నంబరు లేని అర్జీ చెవిలో చెప్పిన మాట. మీ పొదుపు సంఘాల సమాఖ్య నుంచి మెప్మాకు (పట్టణాల్లో పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ) ఒక నకలు వెళ్తే ఇంకా మంచిది. పోయిన డబ్బు తిరిగి వస్తుందా అని నువ్వు అడగలేదు, అడగనందుకు మెచ్చుకుంటున్నాను. ఆ సంగతి నేను హామీ ఇవ్వలేను.

ప్రశ్న: మాది పాత గుంటూరు. వీధి కుళాయి నీళ్ళు అప్పుడప్పుడు వాసనొస్తున్నాయి. మా కాలనీ సంఘం తరఫున ఫిర్యాదు చేస్తే "పరీక్ష చేశాం, బాగానే ఉన్నాయి" అన్నారు. మేం సొంతంగా ఏమైనా చూపించగలమా? — కాలనీ సంఘం కార్యదర్శి, గుంటూరు

జవాబు: చూపించగలరు. 2018 మార్చిలో మన ఊళ్ళో అతిసారం ప్రబలినప్పటి రోజులు గుంటూరువాళ్ళం ఎవరం మరిచిపోలేదు. మంచినీటి గొట్టంలోకి మురుగు చేరితే ఏమవుతుందో కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

వాళ్ళ పరీక్షా నిజం, మీ వాసనా నిజం కావచ్చు. నీళ్ళు వదలని గంటల్లో గొట్టం ఖాళీగా ఉంటుంది. పక్కనే మురుగు ఉండి, గొట్టానికి చిన్న పగులున్నా చాలు, ఆ మురుగు లోపలికి జారుతుంది. మళ్ళీ నీళ్ళు వదలగానే మొదటి పది నిమిషాలు ఆ మురికే వస్తుంది, తర్వాత తేటపడుతుంది. మధ్యలో ఎప్పుడో సీసా పడితే బాగానే ఉంటుంది మరి. అందుకని మీరు ఒకే కుళాయి దగ్గర రెండు సీసాలు పట్టండి. నీళ్ళు వచ్చీ రాగానే ఒకటి, అరగంటకు ఒకటి. సీసా మీద తారీఖు, టైము, ఇంటి నంబరు రాయండి.

పరీక్షలు రెండు చాలు. క్లోరిన్ చూసే చిన్న పెట్టె దొరుకుతుంది. చుక్కలు వేస్తే నీళ్ళు పసుపు రంగు తిరుగుతాయి, పెట్టె మీది రంగుతో పోల్చుకోవాలి. కొసాకరి కుళాయిలో కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. రంగే రాలేదంటే క్లోరిన్ అక్కడిదాకా చేరడం లేదన్నట్టే. క్యాను నీళ్ళకు మాత్రం ఈ పరీక్ష చేసి గాభరా పడకండి, ఆర్వో నీళ్ళలో మామూలుగానే క్లోరిన్ ఉండదు. రెండోది నల్లబడే సీసా, లోపల మందు వేసే అమ్ముతారు. 1982లో మన దేశపు శాస్త్రజ్ఞులే ప్రకటించిన పద్ధతి. నీళ్ళు గీత దాకా పోసి మూతపెట్టి ఇంట్లో ఒక మూల ఉంచితే, మలం ద్వారా చేరే సూక్ష్మజీవులుంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. అయ్యాక బ్లీచింగ్ పొడి వేసి గానీ పారబోయొద్దు. నల్లబడిందని రిపోర్టు రాసెయ్యకండి, అది అనుమానం మాత్రమే. ఆ కుళాయి నీళ్ళనే ప్రయోగశాలకు పంపమని అడగడానికి ఆధారం. అక్కడి కొలబద్ద తేలిక: వంద మిల్లీలీటర్లలో ఇ.కోలై ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇంతకన్నా బలమైన సాక్ష్యం మీ ఆర్‌ఎంపీ దగ్గరా, మందుల షాపు దగ్గరా ఉంది. వారం వారం విరేచనాలకు ఎంతమంది వచ్చారో, ఏ వీధివాళ్ళో అడిగి (పేర్లు వద్దు) మీ గొట్టం గీసిన పటం మీద చుక్కలు పెట్టండి. చుక్కలన్నీ ఒకే కొమ్మ మీద పడ్డాయంటే ఎక్కడ తవ్వాలో మీకూ తెలుస్తుంది, వాళ్ళకూ తెలుస్తుంది. అన్ని వీధుల్లోనూ చెదురుగా పడ్డాయంటే తప్పు గొట్టానిది కాకపోవచ్చు, అదీ ఒప్పుకోవాలి. ఇంకోమాట, సమాచార హక్కు చట్టం కింద కాగితాలే కాదు, జరుగుతున్న పనిని చూడటం, నమూనాలు తీసుకోవడం కూడా మీ హక్కు. గొట్టం తవ్వే రోజున అక్కడ నిలబడండి.

ప్రశ్న: మేడమ్, మేం మిర్చి యార్డు వైపు పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెబుతాం. మాకు పుస్తకాలకు డబ్బిచ్చే సార్ ఈసారి "ఫలితం చూపించండి" అన్నారు. హాజరు పట్టీ చూపిస్తే చాలదన్నారు. ఏం చెయ్యాలి? — ట్యూషన్ కేంద్రం కుర్రాళ్ళు, గుంటూరు

జవాబు: సార్ అడిగింది న్యాయమేరా నాయనా. కుర్చీలో కూర్చున్నాడంటే చదువొచ్చిందని కాదుగా, నా సర్వీసులో కుర్చీలు చాలా చూశాను.

2005 నుంచి ప్రథమ్ సంస్థవాళ్ళు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చేసే చదువుల సర్వే 'అసర్' పేరు వినే ఉంటారు. వాళ్ళ పరికరం ఒక్క కాగితం. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఒక కథ. పిల్లవాడు ఏ మెట్టు దాకా తడబడకుండా చదవగలడో అంతవరకే గుర్తు పెట్టుకుంటారు. అలాంటి కాగితం మీరే తయారు చేసుకోండి. ఒక్కొక్కరిని పక్కకు పిలిచి చదివించండి, అందరి ముందు వద్దు. జూన్‌లో ఒకసారి, మార్చిలో మళ్ళీ ఒకసారి. చదువు చెప్పినవాడే పరీక్ష పెట్టకూడదు, మన పిల్లలంటే చెవి మెత్తబడుతుంది.

ఇప్పుడు అసలు మెలిక. జూన్‌లో నలభై మందితో మొదలెట్టారనుకోండి. మార్చికి ముప్ఫై మంది మిగిలారు, వాళ్ళలో ఇరవై నలుగురు కథ చదివారు. మీరేం రాస్తారు? ఎనభై శాతం అని. చేతులు జోడించి చెబుతున్నాను, అలా రాయకండి. నలభైలో ఇరవై నాలుగు అంటే అరవై. మానేసిన పదిమందీ పైన నేను విజయవాడ అమ్మాయికి చెప్పిన తాళం ఇళ్ళే. వాళ్ళను లెక్కలోంచి తీసేస్తే, పిల్లలు ఎంత ఎక్కువ మానేస్తే మీ ఫలితం అంత బాగుపడుతుంది. ఎంత చోద్యం!

ఆ పదిమంది ఏ నెలలో మానేశారో చూడండి. మీరుండేది యార్డు పక్కన. సంక్రాంతి దాటాక మిర్చి బస్తాలు దిగడం మొదలైతే తల్లులు తొడిమలు తీసే పనికి వెళ్తారు, చీకటి పడ్డాక గానీ రారు. పెద్దపిల్ల ఇంట్లో చంటిదాన్ని పట్టుకుని ఉండిపోతుంది. మానేసినవాళ్ళు ఫిబ్రవరి, మార్చిలలోనే ఎక్కువైతే, అందులో ఆడపిల్లలే ఎక్కువైతే, తప్పు మీ పాఠంలో లేదు, టైములో ఉంది. ఆ రెండు మూడు నెలలు చంటిపిల్లల్ని కూడా వెంట తెచ్చుకోనిస్తారా, క్లాసు పొద్దున్నకు మారుస్తారా, మీ ఇష్టం. సార్‌కు పంపే కాగితంలో అరవై శాతం పక్కన ఈ సంగతి కూడా రాయండి. నేను ఆయన స్థానంలో ఉంటే ఎనభై అని వచ్చిన కాగితానికంటే దీనికే డబ్బు పంపుతాను. ఆయన సంగతి నాకు తెలియదనుకోండి.

ప్రశ్న: మా సంఘం ప్రాజెక్టు రిపోర్టులో పెట్టడానికి గుంటూరు జిల్లా ఆరోగ్య లెక్కలు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దొరికాయి. వాడుకోవచ్చా? — ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వాడుకోవచ్చు, ఏ గుంటూరో చూసుకుని. ఐదో విడత సర్వే మన రాష్ట్రంలో 2019లో జరిగింది. అప్పటి గుంటూరు జిల్లాలో మాచర్ల ఉంది, బాపట్ల ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పల్నాడు ఒకవైపు, బాపట్ల ఒకవైపు వెళ్ళాయి. విజయవాడవాళ్ళకైతే ఆ సర్వేలో 'ఎన్టీఆర్ జిల్లా' అన్న పేరే కనబడదు, పాత కృష్ణాలో మచిలీపట్నంతో కలిసి ఉంటుంది. కాబట్టి "పాత ఉమ్మడి జిల్లా, 2019" అని అంకె పక్కనే రాయండి, అట్టడుగున చిన్న అక్షరాల్లో కాదు. ఇంకా ముఖ్యం, జిల్లా సగటు తెచ్చి మీ బస్తీ గురించి చెప్పకండి. బ్రాడీపేటలో మా వీధినీ, మీ కాలవ గట్టునూ కలిపి సగటు తీస్తే ఇద్దరం ఉండని ఇల్లొకటి తయారవుతుంది. జనాభా లెక్కలైతే 2011వే, కొత్తవి 2027వి. ఆ మధ్య కాలమంతా మీ సంఘం పుస్తకమే దిక్కు.

ప్రశ్న: ఇవన్నీ చదువుకున్నవాళ్ళ కాలక్షేపం. ఎమ్మెల్యేగారి దగ్గరకు పదిమంది వెళ్తే అయ్యే పని లెక్కలు రాస్తే అవుతుందా? — ఒక పెద్దమనిషి, విజయవాడ

జవాబు: బాబాయిగారూ, పదిమందీ వెళ్ళండి, ఎవరు వద్దన్నారు? వెళ్ళాక ఆయన పక్కనున్న పీఏ మొదట అడిగే మాట "ఎన్ని ఇళ్ళండీ?" అని. అప్పుడు పదిమందీ పది అంకెలు చెబితే ఆ పని అక్కడే నీరుగారిపోతుంది. కళ్ళారా చూశాను.

లెక్క రాస్తే పని అయిపోతుందని నేనూ అనను. 1985లో బొంబాయిలో పేవ్‌మెంట్ల మీద కాపురాలుండే వాళ్ళను స్పార్క్ అనే సంస్థ ఆ జనంతో కలిసి ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టింది, సుమారు ఆరు వేల కుటుంబాలు. అదే ఏడాది సుప్రీంకోర్టు బతుకుతెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనంది. అయినా పేవ్‌మెంట్లు ఖాళీ చేయించడానికి వీల్లేదనలేదు. అంత లెక్కా ఉండి ఇళ్ళు రాత్రికి రాత్రి నిలబడలేదు. కానీ ఆ లెక్క కోసం తిరిగిన ఆడవాళ్ళు ఒకరినొకరు ఎరిగారు, మహిళా మిలన్ పేరుతో కూడగట్టుకున్నారు, పొదుపులు మొదలెట్టారు, ఆఫీసులకు కలిసి వెళ్ళడం నేర్చారు. పదిమంది వెళ్ళాలని మీరంటున్నారే, ఆ పదిమంది తయారయ్యేది ఇలా తిరిగినప్పుడే.

ప్రశ్న: కాలేజీ నుంచి పరిశోధన అంటూ వచ్చి మా సంఘం సభ్యుల ఆధార్ కార్డుల ఫోటోలు అడుగుతున్నారు. ఇవ్వచ్చా? — సంఘం లీడరు, గుంటూరు

జవాబు: వద్దు. ఏ పరిశోధనకూ ఆధార్ ఫోటో అక్కర్లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపు ఇచ్చినా, దాని మూల సూత్రం మాత్రం ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలనే. ప్రశ్నలు అడగనివ్వండి, ఇష్టంలేనివాటికి జవాబు చెప్పరు. రాసిన రిపోర్టు తెలుగులో మీ సమావేశంలో చదివి వినిపిస్తామని ఒక కాగితం రాసి సంతకం పెట్టమనండి. పెట్టనన్నవాళ్ళకు టీ ఇచ్చి పంపెయ్యండి.

సవరణ: పోయిన నెల ఈ శీర్షికలో సమాచార హక్కు దరఖాస్తుకు ఎక్కడైనా పది రూపాయలే రుసుం అని రాశాను. తెనాలి నుంచి ఒక పాఠకుడు తప్పు పట్టుకున్నారు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుం లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. తెల్లకార్డు లాంటి ఆధారంతో దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలన్నది మాత్రం సరిగ్గానే రాశాను. వారికి కృతజ్ఞతలు. నా మాట నమ్మి పంచాయతీలో పది రూపాయలు కట్టినవారు ఎవరైనా ఉంటే క్షమించాలి.